ఫ్రెంచి భాషలో తొలి పాఠ మేది?

మన రెండు తెలుగు రాష్ట్రములలోను ఇంటర్మీడియెట్ తరగతులలో ద్వితీయభాషగా ఫ్రెంచిని గైకొనుట నేడు వింత కాదు. కొందఱు మార్కుల కొఱకును, కొందఱు విదేశములలో పైచదువుల కొఱకును, కొందఱు కేవలము కుతూహలము చేతను ఆ భాషను చేపట్టుచున్నారు. ఐక్యరాజ్యసమితి గుర్తించిన 6 అధికారభాషలలో ఫ్రెంచి యొకటి. ఫ్రాన్సు, బెల్జియము, స్విట్జర్లాండు దేశములందును, కెనడాలోని కెబెక్ నందును, ఆఫ్రికాఖండమున పెక్కు రాజ్యములందును అది వ్యవహారమున నున్నది. కావున దానిని నేర్చుట మంచిదా కాదా యను చర్చకు మేము పూనుకొనము. నేర్వ దొరకొనిన బాలునకు, బాలికకు మొట్టమొదట ఏమి నేర్పవలెను? ఇదియే మా ప్రశ్న. దీనిని గూర్చి మాకు తోచిన యభిప్రాయమును మా విద్యార్థుల యెదుటను, వారి తలిదండ్రుల యెదుటను, సహోపాధ్యాయుల యెదుటను ఉంచుచున్నాము.

ఇందు ఫ్రెంచి మాటలను తెలుగు లిపిలోనే వ్రాయుదుము. ఫ్రెంచిలో ముక్కుతో పలుకు అచ్చులు గలవు. వానిని చూపుటకు మన పాతపుస్తకములలోని అరసున్న మిక్కిలి యనుకూలము. ‘బోఁ’ అనునప్పుడు పెదవులు మూయక, నిండుసున్నవలె మకారము వినిపింపక, ఊపిరిని కొంత ముక్కుగుండ విడిచిన జాలును. వారి తకార దకారములు ఇంగ్లీషు వారి టకార డకారముల వంటివి కావు. మన త, ద లవలె నాలుక పంటికి తగులగా పుట్టునవి. ఈ రెండు విషయములలోను తెలుగు బిడ్డకు పుట్టుకతోనే కొంత పెట్టుబడి యున్నది.

ప్రథమపాఠములు సాధారణముగా మర్యాదమాటలతో మొదలగును. బోఁజూర్ అనగా నమస్కారము. మెర్సీ అనగా కృతజ్ఞత. సిల్ వూ ప్లే అనగా దయచేసి. కొమాఁతాలే వూ అనగా మీరు క్షేమమా యని. జె మాపెల్ అని తన పేరు చెప్పుకొందురు. ఇవన్నియు వలసినవే. పిదప ‘నేను విద్యార్థిని’, ‘నాకొక పుస్తకము కలదు’ అను వాక్యములు వచ్చును. ‘కాదు’, ‘లేదు’, ‘తెలియదు’ అను వ్యతిరేకవాక్యములు పెక్కు పుస్తకములలో కొన్ని పాఠములు గడచిన తరువాత గాని రావు. అంతవఱకు బాలుడు ఏ ప్రశ్నకైనను ఔననుట తప్ప వేఱొకటి యెఱుగడు.

ఈ క్రమము సరి కాదని మా యభిప్రాయము. తొలిదినమున, బోఁజూర్ అను మాట వెంటనే, ‘జె నె కోఁప్రాఁ పా’ అను వాక్యము నేర్పవలెను. అనగా ‘నాకు అర్థము కాలేదు’ అని. దాని తోడనే ‘జె నె సే పా’, అనగా ‘నాకు తెలియదు’ అని. ఈ రెండు వాక్యములు తెలిసినవాడు తక్కిన భాషను అడిగి తెలిసికొనగలడు. ఇవి తెలియనివాడు ఎన్ని మర్యాదమాటలు వల్లించినను మూగవానితో సమానుడు.

ఇది మేము అనుభవమున నేర్చిన పాఠము. మేము ఫ్రెంచి నేర్చుకొన మొదలిడిన దినములలో మా అధ్యాపకురాలు ఒక పాఠమును చదివి వినిపించి, ‘వూజావే కోఁప్రీ?’ అని యడిగిరి. ‘మీకు అర్థమైనదా?’ అని దాని భావము. మేమందఱము ‘వీ’ అంటిమి. వీ అనగా ఔను. నిజమునకు అందులో సగమైనను మాకు బోధపడలేదు. మా మొగములు చూచి ఆమెకు సందేహము కలిగి, ఈ మాఱు ప్రశ్నను తిప్పి ‘వూ నావే పా కోఁప్రీ?’ అని యడిగిరి. ‘మీకు అర్థము కాలేదా?’ అని. మేము ఈసారి నిజమే చెప్పదలచి, తెలుగువారము గనుక ‘అవును, అర్థము కాలేదు’ అను తలంపుతో మరల ‘వీ’ అంటిమి. ఆమె కొంత తబ్బిబ్బై, మేము గ్రహించితి మనియే యెంచి పుట త్రిప్పిరి. ఆ పుటలోనిది పరీక్షలో వచ్చినప్పుడు గాని మా తప్పు మాకు తెలియలేదు. మొదటి మాఱు సిగ్గుచేత అబద్ధ మాడితిమి. రెండవ మాఱు నిజము చెప్పుటకు మాట లేక చెడితిమి.

ఇచ్చట నొక భేదము గుర్తింపదగియున్నది. ‘నీవు రాలేదా?’ అని యడిగిన యెడల మనము ‘లేదు’ అనియు అందుము, ‘అవును, రాలేదు’ అనియు అందుము. ఫ్రెంచివారు అట్టి ప్రశ్నకు, రాకపోయినచో ‘నోఁ’ అనియే చెప్పుదురు. వచ్చియుండిన యెడల ‘వీ’ అనక ‘సీ’ అందురు. లేదను ప్రశ్నను కాదని, ఉన్నదని స్థాపించుటకే యేర్పడిన ప్రత్యేకపు మాట యిది. ఇంగ్లీషున నేడు దీనికి సరియైన ఒంటి మాట లేదు. కావున ఇంగ్లీషు మూలముగ ఫ్రెంచి చదువువారు దీనిని తఱచు మఱతురు. మా సలహా యేమనగా, మన తెలుగు అలవాటు ననుసరించి క్రియను మరల చెప్పుడు. ‘నోఁ, జె నే పా కోఁప్రీ’, అనగా ‘లేదు, నాకు అర్థము కాలేదు’ అని పూర్తివాక్యము పలికినచో ఎవ్వరికిని సందేహము మిగులదు.

ఇక వ్యతిరేకవాక్యము కట్టు విధము చూతము. తెలుగున వ్యతిరేకము క్రియలోనే యిమిడి యుండును. చేయుదును, చేయను, వచ్చును, రాదు. వాక్యము తుదవఱకు విన్నగాని ఔనో కాదో తేలదు. ఫ్రెంచిలో అట్లు గాదు. క్రియకు ముందు ‘నె’, వెనుక ‘పా’ వచ్చును. పల్లకికి ముందొక బోయీ, వెనుక నొక బోయీ. నడుమ క్రియ కూర్చుండును. జె పార్ల్ అనగా నేను మాటలాడుదును. జె నె పార్ల్ పా అనగా నేను మాటలాడను. క్రియ అచ్చుతో మొదలైనచో ‘నె’ లోని యచ్చు లోపించును. మనకు సంధి క్రొత్త గాదు గనుక ఇది కష్టము గాదు. జరిగిపోయిన పనిని జెప్పునపుడు సహాయక్రియ యొకటి తోడు వచ్చును. అప్పుడు పల్లకి నెక్కునది ఆ సహాయక్రియయే; అసలు క్రియ వెనుక నడచి వచ్చును. మేము పైని చెప్పిన ‘జె నే పా కోఁప్రీ’ అట్టి వాక్యము. ‘పా’ను వాక్యము చివరకు త్రోయుట మన బాలురు తఱచు చేయు తప్పు.

ఒక్క ‘కాదు’ చెప్పుటకు రెండు మాటలేల యని బాలురు అడుగుదురు. అడుగదగిన ప్రశ్నయే. ప్రాచీన ఫ్రెంచిలో ‘నె’ ఒక్కటియే చాలెడిది. ‘పా’ అను మాటకు ‘అడుగు’ అని యర్థము. ‘పస్సుస్’ అను లాటిను మాట నుండి పుట్టినది. మొదట ‘అడుగైనను వేయను’ అని నడకకు సంబంధించిన క్రియలతో దానిని చేర్చి చెప్పెడివారు. అట్లే ‘రవ్వంత రొట్టెముక్క’ అను నర్థముగల ‘మీ’, ‘చుక్క’ అను నర్థముగల ‘గూత్’, ‘బిందువు’ అను నర్థముగల ‘ప్వఁ’ అను మాటలను తక్కిన క్రియలతో చేర్చెడివారు. మనము ‘మెతుకైనను ముట్టను’, ‘చుక్కైనను త్రాగను’ అనమా? అదియే పద్ధతి. కాలక్రమమున ‘పా’ అడుగను నర్థమును విడిచి అన్ని క్రియలకును అంటుకొనెను. నేటి ఫ్రెంచివారు సంభాషణలో ‘నె’ను సైతము మ్రింగివేసి, ‘జె సే పా’ అని ‘పా’తోడనే సరిపుచ్చుదురు. సహాయమునకు వచ్చినవాడు ఇంటి యజమాని యయ్యెను. డెన్మార్కు దేశపు భాషాశాస్త్రవేత్త ఒట్టో యెస్పర్సన్ 1917లో ప్రకటించిన గ్రంథమున, ఇట్టి మార్పు పెక్కు భాషలలో జరిగినదని చూపెను. ఈ చరిత్ర తెలిసిన బాలునకు ‘పా’ భారముగా తోచదు.

పిల్లలను మిక్కిలి బాధించు సూత్ర మింకొకటి కలదు. ‘ఒక’ అను నర్థముగల ‘అఁ’ అను మాట వ్యతిరేకవాక్యమున కొన్నిచోట్ల ‘దె’ యగును, కొన్నిచోట్ల మారదు. ఇంగ్లీషు మార్గమున దీనిని వివరించుటకు చాల మాటలు పట్టును. తెలుగు మార్గమున ఒక నిమిషము చాలును. ‘ఇది పుస్తకము కాదు’ అనుటకు ‘సె నే పా అఁ లీవ్ర్’ అందురు. ‘పుస్తకము లేదు’ అనుటకు ‘ఈల్ నియా పా దె లీవ్ర్’ అందురు. ‘నాకు పుస్తకము లేదు’ అనుటకు ‘జె నే పా దె లీవ్ర్’. చూచితిరా? మనము ‘కాదు’ అన్నచోట ‘అఁ’ నిలుచును. మనము ‘లేదు’ అన్నచోట ‘దె’ వచ్చును. ‘నాకు వద్దు’ అన్నచోటను సామాన్యముగా ‘దె’యే. కాదు, లేదు అను భేదము తెలుగు బిడ్డ తల్లి ఒడిలో నేర్చినది. ఉన్న ధనమును మూటగట్టి యటకపై బెట్టి, పొరుగింటికి అప్పునకు పోవుట వంటిది, ఇంగ్లీషు మూలముగనే ఫ్రెంచి నేర్పవలెనను పట్టుదల.

మఱొక సాదృశ్యము వినుడు. ‘పెర్సోన్ నే వెనూ’ అనగా ఎవరును రాలేదు. పెర్సోన్ అను మాటకు అసలర్థము మనిషి. ‘రియఁ’ అనగా ఏమియు. దాని మూలార్థము వస్తువు. ‘జామే’ అనగా ఎన్నడును. వీనితో ‘నె’ వచ్చును గాని ‘పా’ రాదు. ఇంగ్లీషున ‘ఎవరును’ అను మాటలోనే ‘కాదు’ ఇమిడియుండుటచే క్రియకు వ్యతిరేకము అక్కఱలేదు. అందుచే ఇంగ్లీషునకు అలవడిన బాలుడు ఫ్రెంచిలో ‘నె’ను వదలివేయును. తెలుగున ‘ఎవరును వచ్చిరి’ అని యెవ్వడైనను అనునా? ఎవరును, ఏమియు, ఎన్నడును అని మొదలిడినచో క్రియను వ్యతిరేకముగనే ముగింతుము. ఫ్రెంచివారును అంతే.

ఇందులకు కొందఱు మిత్రులు ఆక్షేపణ చెప్పుదురు. ‘మొదట వినయము నేర్పవలెను గాని, కాదు లేదు అను నిరాకరణము నేర్పుట యేల?’ అని. ఫ్రెంచివారి వినయములో వ్యతిరేకమే పాలు ఎక్కువ యని వారికి మా సమాధానము. మెర్సీ అన్నవానితో ‘దె రియఁ’ అందురు. ‘ఏమంత లేదు’ అని భావము. పొరపాటున కాలు త్రొక్కినవాడు క్షమింపు మన్నచో ‘సె నే పా గ్రావ్’, అనగా ‘ఫరవాలేదు’ అందురు. పని బాగున్నదని మెచ్చుకొనుటకు ‘పా మాల్’, అనగా ‘చెడ్డగా లేదు’ అందురు. మన ‘ఫరవాలేదు’, ‘ఏమియు అనుకొనకుడు’ అను మాటలును అట్టివే కదా. మంచిమాట కాదు లేదులతో కట్టుట మనకును తెలిసిన విద్యయే.

భోజనపు బల్లయొద్ద ఈ జ్ఞానము మిగుల నవసరము. వడ్డించువారు ఏదేని యిచ్చినపుడు ఒట్టి ‘మెర్సీ’ అన్నచో వలదను నర్థము తోచవచ్చును. వలసినవాడు ‘వీ, సిల్ వూ ప్లే’ అనవలెను. మాంసము తిననివాడు ‘జె నె మాఁజ్ పా దె వ్యాఁద్’ అని ముందుగనే చెప్పుకొనవలెను. ‘ప్ల్యూ’ అను మాటను చివరి సకారము పలుకక ‘నె’తో చేర్చినచో ‘ఇక వద్దు’ అనియు, ఆ సకారమును పలికినచో ‘ఇంకను’ అనియు అర్థము వచ్చును. సంభాషణలో ‘నె’ జాఱిపోవును గనుక, ఒక్క సకారముపై విస్తరి నిండుటయో ఎత్తివేయబడుటయో యాధారపడి యుండును!

మఱికొందఱు ‘వ్యాకరణము తెలియక వ్యతిరేకవాక్య మెట్లు చెప్పును?’ అని యడుగుదురు. తల్లి నేర్పు ‘వద్దు’ అను మాటను శిశువు వ్యాకరణము తెలిసియా పలుకును? మొదట వాక్యమును వాక్యముగ నేర్పుడు; విడదీసి చూపుట తరువాతి పని. బోఁజూర్ అను మాటను సైతము మనము సూత్రముతో నేర్పుట లేదు గదా.

మన తెలుగుదేశమునకు ఈ భాష బొత్తిగా పరాయిది కాదు. పరాసులని మన పెద్దలు పిలిచిన ఫ్రెంచివారు 18వ శతాబ్దిలో గోదావరీతీరమున యానామున వర్తకస్థానము నేర్పఱచుకొనిరి. ఆ పట్టణము 1954లో భారతదేశ పరిపాలనలోనికి వచ్చెను; 1962లో ఆ మార్పు చట్టరీత్యా పూర్తియయ్యెను. నేడది పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతములో భాగము. మచిలీపట్టణమున ఫ్రెంచిపేట యను పేరు నేటికిని నిలిచియున్నది. రెండు భాషలు కలిసిన అంగడిలో ‘ఔను’ ఎంత విలువైనదో ‘కాదు’ అంత విలువైనది. ఈ ధర కాదు, ఈ సరకు వద్దు, ఈ మాట నాకు తెలియలేదు అని చెప్పలేనివాడు బేరమాడజాలడు.

నేటి మన పిల్లలు ఆ యంగడి కంటె దూరము పోవుచున్నారు. రేపు మన విద్యార్థి యొకడు పరదేశమున గది యద్దెకు తీసికొని, తనకు తెలియని షరతులు గల కాగితముపై సంతకము చేయవలసి రావచ్చును. వైద్యుడు మందు వాడు విధమును వేగముగా చెప్పి ‘తెలిసినదా?’ అని యడుగవచ్చును. సిగ్గుచేత ‘వీ’ అని తల యూపుట ఆనాడు తరగతిలోని తప్పువలె ఒక మార్కుతో పోదు. ‘నె పార్లే పా సీ వీత్’, అనగా ‘అంత వేగముగా మాటలాడకుడు’ అని యడుగుటకు నోరు రావలెను. ఆ నోరు తరగతిలో రాక బయట రాదు.

కావున తలిదండ్రులకు మా మనవి యొకటి. మీ బిడ్డ యెన్ని ఫ్రెంచి మాటలు నేర్చెనని మాత్రమే యడుగకుడు. నేడు ఎన్ని మాఱులు ‘అర్థము కాలేదు’ అని చెప్పెనో యడుగుడు. ఉపాధ్యాయులకు మా మనవి: అట్లు చెప్పిన బాలుని గద్దింపకుడు, ఆ వాక్యమును తప్పు లేకుండ పలికెనా యని మాత్రము చూడుడు. పలికినచో అతడు తొలి పాఠము నేర్చినట్లే. మా విద్యార్థులారా, మీకు మేము చెప్పదగిన దింతియే. రేపటి తరగతిలో తెలియనిచోట తల వంచుకొనక, లేచి నిలిచి, ‘జె నె కోఁప్రాఁ పా’ అనుడు. ముక్కుతో పలుకవలసిన అరసున్నలు అందు రెండు గలవు, మఱవకుడు.